అక్కకు ఉత్తరం: ఊరు నగరంలో కలిసిపోయాక మాటలు ఆగిపోయిన ఒక కుటుంబం కేసు

కుటుంబ కౌన్సెలింగ్‌లో నా దగ్గరికి వచ్చే తోబుట్టువుల తగాదాల్లో చాలావాటికి హైదరాబాద్ పడమటి దిక్కున పెరిగిన భూమి ధరే మూలం. నార్సింగి, మణికొండ, కోకాపేట, పుప్పాలగూడ వైపు కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. పంపకం జరిగిన రోజున అందరికీ సరేననిపించింది. ఐదేళ్లు గడిచేసరికి అదే పంపకం మోసంగా కనపడింది. ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఒక కేసు. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తు పట్టే వీలు లేకుండా ఊరి పేరు తీసేసి కొన్ని వివరాలు మార్చాను. ఉత్తరంలోని మాటలు మాత్రం వాళ్లవే.

కుటుంబ నేపథ్యం

తమ్ముడికి యాభై ఆరేళ్లు. గండిపేట రోడ్డు మీది ఒక ఊళ్లో పుట్టి పెరిగాడు. ఇప్పుడు అది ఊరు కాదు, నగరంలో ఒక కాలనీ. అక్క ఆయన కంటే మూడేళ్లు పెద్ద. 1988లో పెళ్లయి మహారాష్ట్రలోని బల్లార్షాకు వెళ్లింది. బావది బొగ్గు గనిలో ఉద్యోగం. బల్లార్షా, చంద్రపూర్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి కాబట్టి అక్కకు భాష సమస్య రాలేదు. పిల్లలు మాత్రం మరాఠీ, హిందీ చదువులే చదివారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఈ చిన్న సంగతి తర్వాత మాకు చాలా ఉపయోగపడింది.

తండ్రి 1999లో పోయాడు. మూడెకరాల మెట్ట ఉండేది, జొన్న, కంది పండించేవారు. 2003లో అప్పులు తీర్చడానికి రెండెకరాలు అమ్మారు. ఆ సందర్భంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అక్క చేత హక్కు విడుదల దస్తావేజు (ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం) మీద సంతకం పెట్టించారు. అందులో మిగిలిన ఎకరం కూడా ఉంది. పసుపు కుంకుమల కింద ఆమెకు లక్షన్నర ఇచ్చామని తమ్ముడు చెప్పాడు. ఆ ఎకరాన్ని 2005లో 85 లక్షలకు అమ్మి నాలుగంతస్తుల ఇల్లు కట్టాడు.

2006లో కోకాపేటలో ప్రభుత్వ భూముల వేలం జరిగింది. ఎకరం 14 కోట్ల వరకు పలికింది. పేపర్లన్నీ అదే రాశాయి. బల్లార్షాలో బావ ఆ వార్త చదివాడు. ఆ ఏడాది సద్దుల బతుకమ్మకు అక్క పుట్టింటికి వచ్చినప్పుడు మాటా మాటా పెరిగింది. “మీ అక్కకు లక్షన్నర, నీకు కోట్లా?” అని బావ అడిగాడు. “సంతకం పెట్టినప్పుడు కళ్లు మూసుకున్నారా?” అని తమ్ముడు అన్నాడు. ఆ రాత్రే వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత రాఖీ లేదు, ఒడిబియ్యం లేదు, ఫోను లేదు. 2012లో తల్లి చనిపోతే అక్క భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది, అంత్యక్రియలు అయ్యేదాకా ఉంది. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా రాత్రికే తిరిగి వెళ్లింది. పదో రోజుకు కూడా రాలేదు.

నా దగ్గరికి మొదట వచ్చింది తమ్ముడు కాదు, ఆయన కూతురు. తన పెళ్లిలో మేనత్త చేయాల్సినవన్నీ దూరపు బంధువు చేత చేయించారని, అప్పటి నుంచి అది మనసులో ముల్లులా ఉందని చెప్పింది. “మీరే మా అత్తకు ఫోన్ చేసి మాట్లాడండి” అని అడిగింది. నేను ఒప్పుకోలేదు, తండ్రిని తీసుకురమ్మన్నాను.

ఫోన్ ఎందుకు వద్దన్నాను

ఇన్నేళ్ల మౌనం తర్వాత ఫోన్ మోగితే ఎత్తిన మనిషి ఆ క్షణంలోనే ఏదో ఒకటి అనాలి. పక్కన భర్త ఉంటాడు, కొడుకు ఉంటాడు. వాళ్ల ముందు మెత్తబడితే లోకువ అవుతానని భయం. అందుకే మొదటి మాట కటువుగా వస్తుంది. ఆ మాట ఇంకో పదేళ్ల మౌనానికి సరిపోతుంది.

వాట్సాప్ కూడా వద్దన్నాను. అక్క దగ్గర ఉన్నది కొడుకు ఇచ్చిన ఫోను, మెసేజ్ వస్తే ముందు చూసేది అతనే. పైగా నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే ఇక్కడ తమ్ముడికి టెన్షన్. చూసి కూడా పలకలేదని కొత్త కోపం పుడుతుంది. అదే చేతిరాతతో తెలుగులో రాస్తే ఆ ఇంట్లో దాన్ని చదవగలిగేది అక్క, బావ మాత్రమే. బావకు చూపించాలో లేదో, ఎప్పుడు చూపించాలో అక్క చేతిలో ఉంటుంది. ఈ కేసులో ఉత్తరాన్ని ఎంచుకోవడానికి నాకు అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

రిజిస్టర్డ్ పోస్టులో పంపుతానని తమ్ముడు పట్టుబట్టాడు. చేరిందో లేదో తెలియాలి కదా అన్నాడు. భూమి తగాదా ఉన్న ఇంటికి రిజిస్టర్డ్ కవరు వచ్చిందంటే, దాని మీద సంతకం పెట్టి తీసుకోవాలంటే, విప్పకముందే అది లాయర్ నోటీసు అనుకుంటారు. సంతకం పెట్టి నష్టపోయిన మనిషి చేత మళ్లీ సంతకం పెట్టించడం నాకు అస్సలు నచ్చలేదు. మామూలు కవరు, మామూలు స్టాంపు, వెనక స్పష్టంగా తమ్ముడి పేరు, చిరునామా అని తేల్చాం.

రాఖీ పౌర్ణమి దగ్గర్లో ఉంది కాబట్టి ఆ రోజుకు అందేలా పంపుదామని కూతురు అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. కానీ పండగ రోజున అందిన ఉత్తరం వచ్చి రాఖీ కట్టమని అడిగినట్టే ఉంటుంది. రాకపోతే అక్కదే తప్పన్నట్టు అవుతుంది. ఏ ప్రత్యేకతా లేని రోజున అందితే చదివి పక్కన పెట్టుకునే వీలు ఆమెకు ఉంటుంది.

మొదటి చిత్తుప్రతి

తమ్ముడు మొదట రాసుకొచ్చిన దాంట్లో ముఖ్యమైన నాలుగు వాక్యాలు ఇవి: “అక్కా, జరిగింది జరిగిపోయింది, నన్ను క్షమించు. కానీ బావ ఆ రోజు అట్ల అనకుండా ఉండాల్సింది. అప్పుడు రేటు అంతే ఉంది, ఇంత పెరుగుతుందని నాకేం తెలుసు. అమ్మను చివరిదాకా నేనే చూసుకున్న.”

మనిషి చెడ్డవాడు కాదు, రాసింది అబద్ధమూ కాదు. అయినా ఈ నాలుగు వాక్యాలూ అక్కను ఇంకా దూరం నెట్టేవే. క్షమాపణ వెంటనే బావ మీద ఫిర్యాదు వచ్చింది. దేనికి క్షమాపణో చెప్పలేదు. రేటు గురించిన వాక్యం వాదన. ఎక్కువ గుచ్చుకునేది చివరిది. తల్లి ఆఖరి రోజుల్లో దగ్గర లేకపోవడం అక్కకు అప్పటికే పెద్ద బాధ. “నేనే చూసుకున్న” అంటే “నువ్వు చూడలేదు” అని ఆమె చెవికి వినపడుతుంది.

తల్లి గురించి రాయొద్దని నేను అనలేదు. ఎంత రాస్తే అంత మంచిదన్నాను. తల్లి సంగతులు తమ్ముడి దగ్గర తప్ప అక్కకు ఇంకెక్కడా దొరకవు. చేసిన సేవ గురించి కాక, తల్లి రోజు ఎలా గడిచేదో రాయమన్నాను. ఏం తినేది, ఏ మంచం మీద పడుకునేది, ఎవరిని పిలిచేది, చూపు తగ్గాక ఎవరి అడుగుల చప్పుడు గుర్తు పట్టేది. ఆ సిట్టింగ్ చాలా సేపు సాగింది. ఆయన చెబుతుంటే కూతురు రాసుకుంది. ఆఖరి ఏడాది తల్లి జొన్న రొట్టె నమలలేక పాలలో నానబెట్టుకుని తిన్నదని, అక్క చిన్నప్పటి ఇత్తడి చెంబుతోనే నీళ్లు తాగుతానని మొండికేసేదని అప్పుడే బయటికి వచ్చాయి. ఆ చెంబు ఇప్పటికీ ఇంట్లో ఉందట. ఇవన్నీ ఉత్తరంలోకి ఎక్కాయి. “నేను” అని మొదలయ్యే వాక్యాలు ఆ భాగంలో దాదాపు లేకుండా పోయాయి.

నగరం గురించి ఎందుకు రాయించాను

ఈ కేసులో నాకు బాగా పనికొచ్చింది ఈ భాగమే. అక్క మనసులో రెండు బొమ్మలు ఉన్నాయి. ఒకటి 2006 నాటి ఊరు. రెండోది పేపర్లో వచ్చే అంకెలు. కోకాపేటలోనే 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ వార్త దేశమంతా వచ్చింది. బల్లార్షాలో కూర్చుని చదివితే ఆ నూరు కోట్లు తమ్ముడి జేబులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆయన ఎకరం పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు అయిందని, ఆ 85 లక్షలు ఇల్లు, పిల్లల చదువు, పెళ్లికే సరిపోయాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ రెండు బొమ్మల మధ్య నిజంగా ఏం జరిగిందో తెలియకపోవడం వల్లే అనుమానం అంత పెరిగింది.

అందుకే ధర సంగతికి ముందు ఆ చోటు ఇప్పుడెలా ఉందో రాయమన్నాను. అక్క పెళ్లయ్యాక పుట్టింటికి వచ్చే దారి ఏది అని అడిగాను. మెహదీపట్నంలో బస్సు ఎక్కేదన్నాడు. అయితే ఆ బస్సు దారి వెంటే రాయండి అన్నాను. ఉత్తరంలోని ఆ భాగం ఇది:

“అక్కా, నువ్వు లంగర్‌హౌజ్ దాటినంక కిటికీలకెల్లి గోల్కొండ కోట చూసేదానివి. కోట అట్లనే ఉంది. తారామతి బారాదరి కూడా ఉంది. అది దాటితే నీకు ఒక్క గుర్తు కూడా దొరకదు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎటు మళ్లాలో నేనే ఒక్కోసారి తడబడుత. మనం సీతాఫలాలు తెంపిన గుట్టను పేల్చి చదును చేసిండ్రు. రాళ్లు పేలుస్తున్నప్పుడు అమ్మ చెవులు మూసుకుని కూర్చునేది. బర్లు అమ్మేసి చానా ఏండ్లయింది, మేపడానికి జాగ లేదు. మనతోటి బడికి వచ్చిన ముగ్గురు ఇప్పుడు తమ పొలాల మీద కట్టిన అపార్ట్‌మెంట్ల గేటు కాడ సెక్యూరిటీ గార్డులు. మన ఇల్లు పెద్దగనే ఉంది. కిరాయికి ఉన్నోళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు సరిగ తెలవదు. పండగ నాడు గడప కాడ కూర్చుంటే పలకరించేటోళ్లు లేరు.”

ఇది రాసేటప్పుడు ఆయన పెన్ను ఆపి, ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదని చెప్పాడు. ధర పెరగడం వల్ల తాను బాగుపడ్డానని ఊరంతా అనుకుంటుంటే, ఊరు పోయిందని బాధపడే హక్కు తనకు లేదనుకున్నాడు. ఆ ఊరు అక్కదీ తమ్ముడిదీ కూడా. దాన్ని ఇద్దరూ పోగొట్టుకున్నారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మధ్య తగాదా లేదు. ఇలాంటి కుటుంబాలకు నేను ఇప్పుడు ఈ భాగాన్నే ముందు రాయిస్తున్నాను. గండిపేట చెరువు, పాత బస్టాప్, కూలిపోయిన బడి, ఏదైనా సరే. తోబుట్టువులు కలిసి చూసిన చోటు గురించి రాయడం మొదలుపెడితే చేతి బిగువు తగ్గుతుంది, మాట దానంతటదే మెత్తబడుతుంది.

నగరం గొప్పలు మాత్రం తీయించేశాను. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 2017లో మెట్రో, 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి అంటూ ఆయన ఒక పేజీ రాశాడు. అవి అక్క టీవీలో చూసే ఉంటుంది. ఆమెకు కావాల్సినవి టీవీలో రానివి.

డబ్బు పేరా

ఇక్కడ మాకు అభిప్రాయ భేదం వచ్చింది. డబ్బు ఊసే వద్దని కూతురు అంది. తిరిగి ఏమైనా ఇస్తానని రాస్తే సరిపోతుందని తమ్ముడన్నాడు. నేను రెండూ కాదన్నాను. అంకెలు ఉండాలి, బేరం ఉండకూడదు. ఎంతకు అమ్మారో, ఆమెకు ఎంత ముట్టిందో దాచకుండా రాయాలి. ఎదుటివాళ్లకు తెలియని అంకె ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. అలాగని మొదటి ఉత్తరంలోనే ఇంత ఇస్తాను అంటే ఆమె మౌనాన్ని కొనుక్కోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఆస్తి సంగతి కాగితం మీద పెట్టే ముందు లాయర్‌ను కలవమని చెప్పడం నా పద్ధతి. ఆయన కలిశాడు. అక్కడ ఆయనకు ఒక సంగతి తెలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో పాటు సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది, మన దగ్గర రెండు దశాబ్దాల ముందే ఉంది. అక్క పెళ్లి 1988లో. అంటే 2003లో ఆమె వదులుకున్నది పూర్తి హక్కునే. పసుపు కుంకుమల కింద దయతో ఇచ్చామనుకున్న డబ్బు ఆమె వాటాలో చిన్న ముక్క మాత్రమే. దస్తావేజు రిజిస్టర్ అయింది కాబట్టి చట్టం దృష్టిలో మీకు ఇబ్బంది లేదని, కానీ తప్పు ఒప్పుకుంటూ రాస్తే రేపు ఎవరైనా దాన్ని కోర్టులో పెట్టవచ్చని లాయర్ హెచ్చరించాడు.

ఆ రెండు మాటలూ ఆయన ముందు పెట్టి, నిర్ణయం మీదే అన్నాను. కొన్ని రోజులు తీసుకుని వచ్చి ఇలా రాశాడు:

“2003ల నువ్వు సంతకం పెట్టిన నాడు నీకు లక్షన్నర ఇచ్చినం. 2005ల మిగిలిన ఎకరం 85 లక్షలకు అమ్మిన. అండ్ల నీ పాలు ఉండె. వకీలు చెప్తే ఇప్పుడు తెలిసిందని అనను. నాకు అప్పుడే మనసుల తెలుసు. దస్తావేజుల ఏమున్నదో నీకు చదివి చెప్పలేదు. బతుకమ్మ నాడు నేను అన్న మాట తప్పు.”

ఒక్క “కానీ” లేదు. నేను ఇందులో ఒక్క అక్షరం మార్చలేదు.

చివర్లో రమ్మని అడగలేదు, మాట్లాడమని అడగలేదు. బావకు దండాలు, పిల్లలకు ఆశీస్సులు, రాయాలనిపిస్తే చిరునామా ఇది అని ముగించాడు. ఉత్తరం మొత్తం నాలుగు పేజీలు వచ్చింది.

జవాబు

చాలా వారాలు ఏమీ రాలేదు. ఈ సమయంలో రాసినవాళ్లను చూసుకోవడం కూడా మా పనిలో భాగమే. రెండో ఉత్తరం రాస్తానని, బల్లార్షా రైలెక్కుతానని ఆయన చాలాసార్లు అన్నాడు. ఆగమన్నాను. మౌనంగా ఉండే హక్కు ఆమెకు ఉందని, ఉత్తరం పంపినంత మాత్రాన జవాబు మీద మనకు హక్కు రాదని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

చివరికి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. చిన్నగా, ఒత్తుగా రాసింది. తల్లి గురించిన భాగానికి ఒక్క మాట కూడా లేదు. గుట్ట గురించి ఒక ప్రశ్న: బావి కూడా పూడ్చేశారా, లేక ఉందా? ఆ తర్వాత ఇది: “లక్షన్నర కాదు. నా చేతికి ముట్టింది లక్షా ఇరవై వేలు. ముప్పై వేలు దస్తావేజు ఖర్చులకని పట్టుకున్నవు. రాస్తే సరిగ రాయి.”

తమ్ముడు కుంగిపోయాడు. ఇంత రాస్తే ఆమె ముప్పై వేల దగ్గర పట్టుకుందేమిటి అన్నాడు. నాకు మాత్రం ఆ వాక్యం ధైర్యం ఇచ్చింది. తెంచుకోవాలనుకున్న మనిషి లెక్క సరిచేయదు. లక్షన్నర అని ఈయన చెప్పుకుంటూ పోతుంటే, కాదని చెప్పే వీలే ఆమెకు ఇన్నేళ్లూ లేదు. ఇప్పుడు దొరికింది, వాడుకుంది. పైగా “సరిగ రాయి” అనడంలో మళ్లీ రాయమనే ఉంది.

పాత కాగితాలు వెతికి తనదే నిజమని నిరూపిస్తానని ఆయన అన్నప్పుడు గట్టిగానే ఆపాను. ముప్పై వేల రసీదు దొరికినా దొరకకపోయినా ఆ రోజు ఆమె చేతిలో పడింది ఎంతో ఆమెకే తెలుసు. ఆయన ఒప్పుకున్నాడు. రెండో ఉత్తరం ఒక పేజీయే. “నువ్వు చెప్పిందే నిజం, లక్షా ఇరవై” అని మొదటి వాక్యం. తర్వాత బావి గురించి: పూడ్చేశారని, దాని మీద ఇప్పుడు పార్కింగ్ ఉందని, గిలక మాత్రం తీసి ఇంట్లో పెట్టానని.

ఎవరికి పనికిరాదు

ఈ కేసు చదివి అందరి చేతా ఉత్తరాలు రాయించకండని తోటి కౌన్సెలర్లకు నా మనవి. కోర్టులో కేసు నడుస్తుంటే ఇలా రాయకూడదు, మాట లాయర్ల ద్వారానో మధ్యవర్తిత్వం ద్వారానో నడవాలి. మౌనానికి కారణం కొట్టడమో వేధింపో అయితే, నష్టపోయిన మనిషి అడిగితే తప్ప అవతలివాళ్ల చేత ఉత్తరం రాయించడం కూడా వేధింపే. సంతకం పెట్టించుకున్నవాళ్లు నిజాన్ని ఒప్పుకోవడానికి సిద్ధంగా లేకపోతే అసలు మొదలే పెట్టొద్దు. ఊరు గురించి ఎంత చక్కగా రాసినా, డబ్బు పేరాలో మెలిక ఉంటే అక్కలు దాన్ని మొదటి చూపులోనే పట్టేస్తారు.

ఇప్పటి పరిస్థితి

ఉత్తరాలు నడుస్తున్నాయి. ఫోన్ నంబరు అక్కే ఇచ్చింది, తమ్ముడికి కాదు, మేనకోడలికి. వాళ్లిద్దరూ ఆదివారాలు మాట్లాడుకుంటున్నారు. మొదటి ఉత్తరం బావకు ఎప్పుడు చూపించిందో తెలియదు కానీ చూపించింది. ఆయన ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్లు భార్య తరఫున నిలబడింది ఆయనే కాబట్టి ఆ కోపానికి గౌరవం ఇవ్వాలని తమ్ముడికి చెప్పాను.

అక్క వాటా కింద ఇంట్లో ఒక అంతస్తు రాసివ్వాలని తమ్ముడు అనుకుంటున్నాడు. ఆయన భార్యకూ కొడుక్కీ ఇంకా పూర్తిగా ఇష్టం లేదు, వాళ్లతో విడిగా మాట్లాడుతున్నాను. అక్కాబావల ఎదురుగా కూర్చుని తేల్చుకునేదాకా దాని గురించి ఎక్కడా రాయొద్దని అనుకున్నాం. ఆ మాటలు పుట్టింట్లో కాకుండా బల్లార్షాలో, తన ఇంట్లోనే జరగాలని అక్క షరతు పెట్టింది. తమ్ముడు ఒప్పుకున్నాడు. ఆయన, ఆయన కూతురు వెళ్తారు. నన్ను రావద్దంది, అదీ మంచిదే.